రెక్కలకు పెట్టుబడి
పైలట్ కావాలనుకునే సామాన్య కుటుంబాల పిల్లలకు ఉన్న డబ్బు దారులు

భారతదేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు (సీపీఎల్) చేతికి రావాలంటే ఇప్పుడు సుమారు 40 నుంచి 55 లక్షల రూపాయలు ఖర్చవుతుంది. ఎయిర్‌బస్ ఏ320 వంటి జెట్ విమానం నడపాలంటే ఆపైన టైప్ రేటింగ్ అనే మరో శిక్షణ ఉంటుంది. దానికి ఇంకో 10 నుంచి 20 లక్షలు కావాలి. నెల జీతం మీద బతికే ఇంట్లో ఈ అంకెలు వినగానే చాలామంది పిల్లల కోరిక అక్కడితో ఆగిపోతుంది. కానీ ఈ డబ్బంతా ఒకేసారి కట్టాల్సింది కాదు, అంతా ఇంట్లోంచే రావాల్సిందీ కాదు. ప్రభుత్వం భరించే దారులున్నాయి, ఉపకార వేతనాలున్నాయి, బ్యాంకు రుణాలున్నాయి. ఒక్క రూపాయి కట్టకుండా విమానం నడపడం నేర్చుకునే మార్గం కూడా ఉంది. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియకే ఎక్కువ కుటుంబాలు నష్టపోతున్నాయి.

గంటల్లో ఉన్న ఖర్చు

పైలట్ చదువులో ఫీజును గంటల్లో లెక్కిస్తారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం సీపీఎల్‌కు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా తనదే అయినప్పుడు నడిపినవై ఉండాలి. ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లే క్రాస్ కంట్రీ ప్రయాణాలు 20 గంటలు ఉండాలి. వాటిలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు. రాత్రిపూట 5 గంటలు, పరికరాల మీదే ఆధారపడి నడపడం 10 గంటలు తప్పనిసరి.

సొంత ఆసక్తి కోసం నడిపే ప్రైవేట్ పైలట్ లైసెన్సు (పీపీఎల్)కు 40 గంటలు చాలు. అయితే దాంతో జీతానికి విమానం నడపడానికి వీల్లేదు.

నలుగురు కూర్చునే సెస్నా 172 వంటి శిక్షణ విమానంలో గంటకు 15 వేల రూపాయలు పడుతుందనుకుంటే 200 గంటలకు 30 లక్షలవుతుంది. రెండు ఇంజిన్ల విమానంలో గంట ఖరీదు ఇంకా ఎక్కువ. గ్రౌండ్ క్లాసులు, హాస్టల్, పరీక్ష ఫీజులు, వైద్య పరీక్షలు, యూనిఫాం, ప్రయాణాలు ఆపైన లెక్కే.

గంట ధర ఇంత ఉండటానికి కారణాలున్నాయి. శిక్షణ విమానాలు దాదాపు అన్నీ విదేశాల నుంచి కొనాల్సినవే. విడి భాగాలదీ అదే సంగతి. నిర్ణీత గంటలకోసారి ఇంజిన్ తనిఖీ తప్పనిసరి. బీమా, ఇన్‌స్ట్రక్టర్ జీతం, ల్యాండింగ్ రుసుములు కలుస్తాయి. పిస్టన్ ఇంజిన్లు తాగే ఏవీగ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలును చాలాకాలం దిగుమతి చేసుకున్నాం. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర రిఫైనరీలో దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. ఈ ఖర్చులేవీ విద్యార్థి చేతిలో ఉండవు. ఎన్ని గంటలు పడతాయి, ఏ గంటకు ఎవరు డబ్బు కడతారు అన్న రెండు విషయాల్లో మాత్రం అతడు చేయగలిగింది చాలా ఉంది.

ముందు వైద్య పరీక్ష, తర్వాత పుస్తకాలు

మొదటి రూపాయి వైద్య పరీక్షకే పెట్టాలి. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 పరీక్ష చేయించుకోవాలి. కంటి చూపు, రంగులు గుర్తించే శక్తి, వినికిడి, గుండె, రక్తపోటు, చక్కెర అన్నీ చూస్తారు. కళ్లద్దాలున్నంత మాత్రాన అనర్హులు కారు. రంగుల గుర్తింపులో తేడా వంటివి మాత్రం వృత్తి దారినే మూసేయవచ్చు. ఫీజు కట్టి, హాస్టల్లో చేరి, ఆరు నెలల తర్వాత క్లాస్ 1లో విఫలమైతే పోయిన డబ్బు తిరిగిరాదు. కొన్ని వేల రూపాయలతో తేలిపోయే విషయాన్ని లక్షలు కట్టాక తేల్చుకోవడం ఏ కుటుంబానికీ మంచిది కాదు.

రెండోది చదువు అర్హత. సీపీఎల్‌కు ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. ఎంపీసీ విద్యార్థులకు ఇబ్బంది లేదు. బైపీసీ చదివినవారు గణితాన్ని జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్) ద్వారా విడిగా రాసి గట్టెక్కుతుంటారు.

వయసు విషయానికొస్తే స్టూడెంట్ పైలట్ లైసెన్సు 16 ఏళ్లకు, పీపీఎల్ 17కు, సీపీఎల్ 18కి వస్తాయి. పదో తరగతి అయిన పిల్లలు తొందరపడి లక్షలు కట్టాల్సిన పని లేదు. ఆ రెండు మూడేళ్లనూ తయారీకి వాడుకోవచ్చు.

మూడోది రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ అనే పేపర్లలో ఒక్కోదానిలో 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడేందుకు ఆర్టీఆర్ అనే ధ్రువపత్రం వేరే ఉంది. ఈ పేపర్లు రాయడానికి ఫ్లయింగ్ స్కూల్లోనే కూర్చోవాల్సిన పని లేదు. ఆర్.కె.బాలి రాసిన ఎయిర్ రెగ్యులేషన్స్, ఐ.సి.జోషి రాసిన వాతావరణ శాస్త్ర పుస్తకం విద్యార్థుల చేతుల్లో ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. సీనియర్ల దగ్గర పాత ప్రతులు తక్కువ ధరకు దొరుకుతాయి, కొత్త నిబంధనలను మాత్రం డీజీసీఏ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. డిగ్రీ చదువుతూనో, చిన్న ఉద్యోగం చేస్తూనో ఇంటి దగ్గరే ఈ పేపర్లు పూర్తిచేసినవారు స్కూల్లో చేరిన రోజు నుంచీ ఎగరడం మీదే దృష్టి పెట్టగలుగుతారు. హాస్టల్ అద్దె కడుతూ పరీక్ష తేదీల కోసం ఎదురుచూసే నెలలు వారికి మిగులుతాయి.

రూపాయి కట్టకుండా ఎగిరే దారి

పేద ఇంటి పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ద్వారం సైనిక దళాలు. ఇంటర్ ఎంపీసీతో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) పరీక్ష రాయవచ్చు. యూపీఎస్సీ దీన్ని ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. 16½ నుంచి 19½ ఏళ్ల మధ్యవారు అర్హులు. 2022 నుంచి అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. డిగ్రీ అయినవారికి వైమానిక దళం ఏఎఫ్‌క్యాట్ పరీక్ష పెడుతుంది. రాత పరీక్ష, సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ తర్వాత పైలట్ కావాలనుకునేవారికి యంత్రాలపై ప్రత్యేక పరీక్ష ఉంటుంది. దాన్ని జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు.

వైమానిక దళ పైలట్లు తయారయ్యే ఎయిర్ ఫోర్స్ అకాడమీ హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఉంది. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి చేరే ఆ అకాడమీ గేటు వరకు మన కుర్రాళ్లలో చాలామంది దరఖాస్తు రూపంలోనైనా వెళ్లరు. అక్కడ శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే, శిక్షణ చివరి దశలో స్టైపెండ్ కూడా ఇస్తారు. బదులుగా దేశానికి కొన్నేళ్ల సేవ ఇవ్వాలి. ఫ్లయింగ్ విభాగంలో షార్ట్ సర్వీస్ అంటే 14 ఏళ్లు. నౌకాదళం, తీర రక్షక దళం కూడా పైలట్లను తీసుకుంటాయి. సేవ ముగించుకున్న సైనిక పైలట్లు తర్వాత పౌర విమానాల్లో చేరడం మామూలే.

సైనిక దారికి ముందు మెట్టు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. కాలేజీలో ఈ విభాగం ఉంటే సీనియర్ డివిజన్ క్యాడెట్లకు మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశం వస్తుంది. అవి కొద్ది నిమిషాల ప్రయాణాలే కావచ్చు, వాటితో లైసెన్సు రాదు. కానీ గాల్లో కూర్చుంటే తనకు సరిపడుతుందా లేదా అన్నది లక్షలు పెట్టకముందే తెలుస్తుంది. ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవారికి వైమానిక దళంలో ప్రత్యేక ప్రవేశం ఉంది. ఇంటర్, డిగ్రీ కాలేజీలు ఎంచుకునేటప్పుడు ఎయిర్ వింగ్ ఉందో లేదో అడిగి చేరడం ఖర్చులేని ముందుచూపు.

ప్రభుత్వ సాయం ఎక్కడ?

ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ (ఇగ్రువా) కేంద్ర ప్రభుత్వ సంస్థ. ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటుంది, రిజర్వేషన్లు పాటిస్తుంది. ఫీజు అక్కడా తక్కువేం కాదు. కానీ వాయిదాల్లో కట్టే వీలు, అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు, బ్యాంకులకు ఆ పేరు మీద ఉన్న నమ్మకం అదనపు బలాలు. ఎంపీసీ చదివిన పిల్లలకు ఆ పరీక్ష సిలబస్ కొత్తది కాదు. బెంగళూరు జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ శిక్షణ కేంద్రం, తిరువనంతపురంలో రాజీవ్ గాంధీ అకాడమీ వంటి రాష్ట్ర సంస్థలూ ఉన్నాయి.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల్లో కమర్షియల్ పైలట్ శిక్షణను పై వరుస కోర్సుల్లో చేర్చారు. కేంద్రం ఎస్సీ విద్యార్థులకిచ్చే ‘టాప్ క్లాస్’ పథకం మార్గదర్శకాల్లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకు ఏడాదికి 3.72 లక్షల రూపాయల పరిమితి పెట్టిన కాలం ఉంది. సీట్ల సంఖ్య, ఆదాయ పరిమితి, గుర్తింపు పొందిన సంస్థల జాబితా మారుతుంటాయి. అందుకే ఆ ఏడాది ప్రకటనను జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో స్వయంగా చూసుకోవాలి. బీసీ, మైనారిటీ, ఎస్సీ, ఎస్టీ ఆర్థిక సంస్థల విద్యా రుణాలకు వడ్డీ మామూలు బ్యాంకు కన్నా తక్కువ. మొత్తం ఖర్చు వాటితో తీరకపోయినా కొంత భాగం తీరుతుంది.

సాయం అడిగితే దొరుకుతుందనడానికి హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా ఉదాహరణ. ఆమె తండ్రి బేకరీలో పనిచేసేవారు. పైలట్ కావాలన్న ఆమె కోరిక విని ‘సియాసత్’ దినపత్రిక సంపాదకుడు జాహిద్ అలీఖాన్ చేయూతనిచ్చారు. ఏపీ ఏవియేషన్ అకాడమీలో చేరి ఆమె సీపీఎల్ సాధించారు. ఆ తర్వాతి ఖరీదైన దశకు తెలంగాణ ప్రభుత్వం 36 లక్షల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో విదేశాల్లో శిక్షణ ముగించుకొని వచ్చి ఎయిర్‌లైన్ పైలట్ అయ్యారు. ఈ ప్రయాణానికి ఏళ్లు పట్టింది, ఒక్కో దశలో ఒక్కొక్కరు ఆదుకున్నారు. అయితే సాయం చేసేవాళ్లు ముందుకొచ్చే వేళకు ఆమె చేతిలో ఎప్పుడూ ఒక పూర్తయిన మెట్టు ఉంది. దాతలైనా, ప్రభుత్వమైనా కోరిక మాత్రమే ఉన్నవారి కన్నా సగం దారి నడిచినవారి వైపు త్వరగా చేయి చాస్తారు.

అప్పు చేసేముందు

భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకంలో డీజీసీఏ ఆమోదం ఉన్న పైలట్ శిక్షణ కూడా ఉంది. సాధారణంగా 7.5 లక్షలు దాటిన రుణానికి ఆస్తి తనఖా అడుగుతారు. ఇక్కడే పల్లె కుటుంబాలకు చిక్కు వస్తుంది. వ్యవసాయ భూమి సర్ఫేసీ చట్టం పరిధిలోకి రాదు. బాకీ పడితే బ్యాంకు దాన్ని తేలిగ్గా స్వాధీనం చేసుకోలేదు కాబట్టి చాలా బ్యాంకులు పొలం కాగితాలు తీసుకోవు. ఇల్లు, ఇంటి స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతాయి. పొలం చూపిస్తే రుణం వస్తుందన్న నమ్మకంతో ముందే స్కూల్లో చేరడం ప్రమాదం. బ్యాంకు రాతపూర్వక మంజూరు వచ్చాకే ఫీజు కట్టాలి.

చదువు కాలానికీ, ఆపైన ఏడాదికీ వాయిదాలు ఉండవు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు గడువు దొరుకుతుంది. 30 లక్షల రుణం, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 32 వేల రూపాయలు. మొత్తం కట్టేది 58 లక్షలు. వాయిదాలు లేని కాలంలోనూ వడ్డీ ఏడాదికి 3 లక్షల చొప్పున పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఆ వడ్డీనైనా నెలనెలా కట్టగలిగితే తర్వాతి భారం చాలా తగ్గుతుంది. అమ్మాయిలకు కొన్ని బ్యాంకులు వడ్డీలో రాయితీ ఇస్తాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి విద్యారుణ వడ్డీపై ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉంది.

లైసెన్సు వచ్చిన వెంటనే ఉద్యోగం వస్తుందని లెక్కవేసి అప్పు చేయకూడదు. ఏడాదో రెండేళ్లో ఖాళీగా ఉన్నా ఇల్లు నిలబడేంత రుణమే తీసుకోవాలి. కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఇంటిని తనఖా పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలి.

విమాన సంస్థలే నడిపే క్యాడెట్ పైలట్ కార్యక్రమాలు మరో రకం. ఎంపిక పరీక్షలు నెగ్గినవారికి శిక్షణ, టైప్ రేటింగ్ కలిపి ఇచ్చి, షరతులతో ఉద్యోగం చూపిస్తారు. ఖర్చు కోటి రూపాయల దాకా వెళ్తుంది. ఉద్యోగ భరోసా కొంత ఎక్కువే. అందుకు తగ్గట్టే ఒప్పందంలోని షరతులను ఒక్కొక్కటిగా చదివి సంతకం చేయాలి.

ఫ్లయింగ్ స్కూల్‌ను ఎంచుకునేటప్పుడు

బ్రోచర్‌లో తక్కువ ఫీజు చూపించిన స్కూలే చివరికి ఎక్కువ ఖరీదు కావచ్చు. పది విమానాలున్నాయని చెప్పి మూడే ఎగిరే చోట 200 గంటలు పూర్తవడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ హాస్టల్, భోజనం ఖర్చులు తప్పవు. అందుకే చేరేముందు అక్కడ ఒక రోజు గడిపి కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ప్రస్తుతం ఎగురుతున్న విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు, విద్యార్థులెందరు? సగటు విద్యార్థికి నెలకు ఎన్ని గంటలు వస్తున్నాయి? నిరుడు చేరినవారిలో ఎందరికి లైసెన్సు వచ్చింది? ఇంధన ధర పెరిగితే అదనంగా కట్టాలా? పన్నులు, ల్యాండింగ్ రుసుములు, లైసెన్సు పరీక్షకు వాడే విమానం ఖర్చు ఫీజులో ఉన్నాయా? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు?

ఈ జవాబులను ఆఫీసులో కన్నా హాస్టల్లో ఉన్న సీనియర్లను అడిగితే నిజం తెలుస్తుంది. మొత్తం ఫీజు ముందే కట్టించుకునే చోట జాగ్రత్త అవసరం. గంటల వారీగానో, దశల వారీగానో కట్టే పద్ధతి మేలు. డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఆ జాబితా తప్పక చూడాలి.

అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్‌లలో శిక్షణ వేగంగా పూర్తవుతుందని వెళ్లేవారున్నారు. డాలరు ధర, వీసా, అక్కడి నివాసం, తిరిగొచ్చాక ఆ లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్చుకోవడానికి అయ్యే ఖర్చు కలిపి చూసుకున్నాకే అది చవకో కాదో తేలుతుంది.

గంటలు మిగుల్చుకునే నేర్పు

ఎవరూ ఇవ్వని ఉపకార వేతనాన్ని విద్యార్థి తనకు తానే ఇచ్చుకోగల చోటు ఇది. విమానం కదిలిన క్షణం నుంచి తిరిగి ఆగే వరకు గంట లెక్కలోకి వస్తుంది. ఏ మీట ఎక్కడుందో వెతుక్కునే సమయానికీ, రేడియోలో ఏం చెప్పాలో తడబడే సమయానికీ డబ్బు కట్టాల్సిందే. చెక్‌లిస్టు, వేగాలు, రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో ఎక్కడ ఏం చేయాలి అన్నవి నేల మీదే కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని పదేపదే అభ్యాసం చేసినవారు గాల్లో అదే పాఠాన్ని తక్కువసార్లలో నేర్చుకుంటారు. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ ఉంటే పద్ధతులు, దిక్కులు, పరికరాలు చదవడం అలవాటవుతాయి. అవి ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లోకి ఎక్కేవి కావు, కానీ లాగ్‌బుక్‌లో వృథా గంటలు పడకుండా కాపాడతాయి.

విరామాలు మరో పెద్ద నష్టం. నెలకోసారి ఎగిరేవారు ప్రతిసారీ పాత పాఠం గుర్తుచేసుకోవడానికే సగం గంట పోగొట్టుకుంటారు. కాబట్టి డబ్బు కొంత కూడాక, వర్షాకాలం తప్పించి, వరుసగా ఎగరడం లాభం. రద్దీ విమానాశ్రయాల్లో ఇంజిన్ తిరుగుతుండగా రన్‌వే కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ నిమిషాలకూ ఫీజు పడుతుంది. ట్రాఫిక్ తక్కువ ఉన్న చోటికి కొంచెం దూరమైనా వెళ్లి నేర్చుకోవడం ఖర్చు తగ్గిస్తుంది.

పని చేస్తూ కూడబెట్టడం

విమానాశ్రయం చుట్టూ ఉన్న ఉద్యోగాలు కూడబెట్టుకోవడానికి పనికొస్తాయి. క్యాబిన్ క్రూ, గ్రౌండ్ స్టాఫ్, విమాన నిర్వహణ ఇంజినీరు (ఏఎంఈ), ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగాల్లో జీతంతో పాటు విమానయాన పరిజ్ఞానమూ వస్తుంది. డ్రోన్ పైలట్ పని మరో దారి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవారు కొద్ది రోజుల శిక్షణతో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పొందవచ్చు. తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఈ శిక్షణ ఇస్తోంది. పొలాల్లో మందు పిచికారీ, భూ సర్వేలు దీనికి పని కల్పిస్తున్నాయి. సంపాదిస్తూ, రాత పరీక్షలు పూర్తిచేస్తూ రెండు మూడేళ్లు గడిపినవారు ఆలస్యమైపోయామని బెంగపడనక్కర్లేదు. సీపీఎల్‌కు ఇరవైల చివరిలో మొదలుపెట్టినా అడ్డేమీ లేదు.

అమెరికాలోని తెలుగు పిల్లలకు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు దారులు వేరు. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1992లో మొదలుపెట్టిన ‘యంగ్ ఈగిల్స్’ కార్యక్రమంలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను స్వచ్ఛంద పైలట్లు ఉచితంగా గాల్లోకి తీసుకెళ్తారు. అదే సంస్థ స్థానిక శాఖల ద్వారా ఇచ్చే ‘రే’ ఉపకార వేతనం ప్రైవేట్ లైసెన్సు ఖర్చులో పెద్ద భాగాన్ని తీరుస్తుంది. సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో చేరే క్యాడెట్లకు ఉచిత పరిచయ ప్రయాణాలున్నాయి, కానీ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. అమెరికా పౌరులు కానివారు విమాన శిక్షణకు ముందు రవాణా భద్రతా సంస్థ (టీఎస్ఏ) అనుమతి తీసుకోవాలి. అక్కడ గ్లైడర్‌ను 14 ఏళ్లకే ఒంటరిగా నడపనిస్తారు. ఇంజిన్ ఖర్చు లేని గ్లైడర్‌తో మొదలుపెట్టడం చవకైన ఆరంభం.

ఉద్యోగం మాటేమిటి?

2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవి వచ్చేకొద్దీ పైలట్ల అవసరం పెరుగుతుంది. అలాగని లైసెన్సు ఉన్న ప్రతివారికీ వెంటనే కాక్‌పిట్ దొరకదు. 200 గంటలతో బయటికొచ్చి, టైప్ రేటింగ్‌కు డబ్బు లేక, నియామకాల కోసం ఎదురుచూస్తున్నవారు ఎప్పుడూ ఉంటారు. ఈ రంగం ఆర్థిక ఒడుదొడుకులకు త్వరగా లోనవుతుంది. కరోనా కాలంలో పైలట్ల జీతాలు తగ్గాయి, కొత్త నియామకాలు ఆగాయి. అందుకే డిగ్రీ వంటి మరో ఆధారం చేతిలో ఉంచుకోవడం వివేకం.

ఖర్చుకు దొరికే దారులన్నిటినీ కలిపి చూస్తే వాటికి ఒక వరుస కనిపిస్తుంది. మొదట వైద్య పరీక్ష, తర్వాత ఇంటి దగ్గరే రాత పరీక్షలు. ఆ కాలంలోనే ఎన్‌సీసీ, ఎన్డీఏ, ఏఎఫ్‌క్యాట్ ప్రయత్నాలు. అవి కుదరకపోతే ఇగ్రువా ప్రవేశ పరీక్ష, ఉపకార వేతనాలు, తక్కువ వడ్డీ రుణాలు. సొంత ఆస్తి మీద అప్పు వీటన్నిటి తర్వాతే. ఈ వరుస తిరగబడిన ఇళ్లే ఎక్కువగా అప్పుల పాలవుతున్నాయి. ఇంట్లో పైలట్ కావాలనే బిడ్డ ఉంటే తల్లిదండ్రులు ఏ స్కూలుకూ అడ్వాన్సు కట్టకముందు డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.